ఉమ్మడి గట్టు

పొగతోటలో మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి పది రోజులు.
మైనపు దిమ్మెలో ఒక నాలుక అంచు,
చింతగింజంత.
మూడు మైక్రాన్ల మందాన కోసి
గోరువెచ్చని నీళ్ల మీద వదిలితే
మీగడలా ముడత విప్పుకుంటుంది.
దాన్ని చిరగకుండా గాజు బిళ్ల మీదికి ఎత్తుకోవడం నా పని.
ఇరవై రెండేళ్లుగా ఇదే.

మామూలుగా రెండు రంగులు, నీలం, గులాబీ.
నిన్న మేడం ఇంకొకటి అడిగారు:
కణానికీ కణానికీ మధ్య పట్టు ఎక్కడుందో
అక్కడ మాత్రమే మట్టిరంగు తేల్చే మందు.

చూశాను.
ఎడమ పక్క, ఇంకా బాగున్న మేర,
ఎడగారు నాట్లకు దమ్ము చేసిన మా కోవూరు మాగాణి.
మడి, దాన్ని ఆనుకుని మడి,
ప్రతి మడి చుట్టూ సన్నటి గట్టు.
ఏ గట్టూ ఒక్కరిది కాదు.
ఇటు నుంచి ఒక చేయి, అటు నుంచి ఒక చేయి,
మధ్యలో రవంత సున్నం.
ఆ సున్నం లేకపోతే
చేతులు చేతుల్ని గుర్తుపట్టవట.

బిళ్లను కుడికి జరిపాను.
గట్లు పలచబడ్డాయి,
చుక్కలు చుక్కలుగా తెగాయి,
ఆ తర్వాత లేవు.
రంగు ఎక్కడికీ పోలేదు,
మడి నడిమధ్యలో మసక మసగ్గా పడి ఉంది.
పక్కవాడి కోసం చాచిన చేతిని
లోపలికి లాక్కుని మింగినట్టు.

మింగమన్నది బయటి దొంగ కాదు.
పుట్టుకతో వచ్చిన జన్యువే.
వేలు తెగినప్పుడు
కాస్త జరగండి, పెరగండి, పూడ్చండి అని చెప్పి
పూడగానే నోరు మూసుకునేది.
అమ్మ కడుపులో కొన్ని కణాలు చేతులు వదులుకుని
ఎంతో దూరం నడిచి
దవడగా కుదురుకున్నది
అలాంటి మాట విన్నందుకే.
ఎక్కడో ఒక్క అక్షరం మారింది.
ఇప్పుడు దానికి మూసుకోవడం రాదు.

రిపోర్టుకు ఆయనే వచ్చాడు, మెట్లెక్కి, ఆయాసపడుతూ.
ఉచ్చూరు చెంచురామయ్య.
సర్వేపల్లి కాలవ మీద లస్కరు, రిటైరై నాలుగేళ్లు.
చొక్కా జేబులో చుట్టలు లేవు, వాసన ఉంది.
"గండి యాడ పడిందమ్మా?"

నేను చెప్పకూడదు. మేడం చెప్పాలి.
అయినా కుర్చీ ఆయన వైపు జరిపాను.

ఒక కన్ను అరచేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు.
"గట్టు చెక్కతా ఉండారు" అన్నాడు.
"ఏడాదికి ఒక పార మందం.
పక్కోడు ఊరికి పోయినప్పుడు.
ఇట్టాంటి పొలాలు ఎన్ని చూళ్లేదు నేను?
వరదొచ్చి తెగితే ఇసక బస్తాలేస్తాం.
ఇంటోడే చెక్కితే ఏమేస్తామమ్మా?"

నాకు తెలిసినంతలో చెప్పాను:
లేపిన షట్టరు దిగకుండా మర పట్టేసింది, అంతే అని.
నవ్వబోయాడు. నొప్పి సగంలో ఆపింది.
"అది నా ఉద్యోగమే గదా.
ఒక కార్తీక మాసం ముసురులో
తూము మర పట్టేస్తే
తెల్లార్లూ సుత్తితో కొట్టినాం, నేనూ మస్తానూ.
తలుపుది ఏం తప్పుండాది?
లేపేదానికి అందరూ వచ్చిరి.
దించేదానికే ఎవురూ రాలా."

మళ్లీ వంగాడు.
కండ పోగుల మధ్య, గట్లన్నీ దాటి,
ఒక్కటే ఒక కణం ఉంది అక్కడ.
నేను చూపించలేదు. ఆయనకే దొరికింది.

"ఇదేందమ్మా, ఒంటిగా ఉండాదే.
అటూ ఇటూ ఎవురూ లేరు.
దీనికి భయం గాదా?"

మేడం పిలిచారు. ఆయన లేచి వెళ్లాడు.
తలుపు దగ్గర చెప్పులు విప్పాలా వద్దా అని
కాసేపు నిలబడ్డాడు.

నేను బిళ్ల అంచు తుడిచి, నంబరు మళ్లీ చూసుకుని,
ట్రేలో పెట్టాను,
ఎవరో ఇద్దరి బిళ్లల మధ్య,
తగిలీ తగలకుండా.